అత్తగారి గూడు

తప్పు రుక్కక్కది. సంజాయిషీ మెమో రావలసింది నాకు. అందుకని మా ఆఫీసు పేరు మాత్రం చెప్పను. జనగామలో బస్సెక్కి నర్మెట్ట వైపు వస్తుంటే దారిలో తగిలే ఊళ్ళలో ఒకటనుకోండి, చాలు. రెండు గదులు, ఒక కౌంటరు, ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని నెట్టు, గోడకు ఆనించి ఒక గూళ్ళ బీరువా. ఆ బీరువా ముందు ముప్పై మూడేళ్ళుగా నిలబడుతున్న మనిషి రుక్కి. కాగితాల మీద డాక్ సేవక్, మా నోళ్ళలో ప్యాకర్. పొద్దున వచ్చిన సంచి విప్పడం, ఉత్తరాలను ఊళ్ళవారీగా గూళ్ళలో వేయడం, బయటికి పోయేవాటిని కట్టలు కట్టి సంచిలో పెట్టి సీలు వేయడం ఆమె పని.

నేను సుగుణను, పోస్ట్‌మాస్టర్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లోవాళ్ళూ ఆఫీసువాళ్ళూ ఒకే మాట అంటారు. ఆ రెండు పక్షాలూ ఒకే మాట మీద నిలబడ్డది ఆ ఒక్క విషయంలోనే.

మా ట్రైనింగులో ఒక ముసలి సారు విక్టోరియా రాణి కాలంనాటి పోస్టాఫీసు గురించి నోరూరేలా చెప్పేవారు. లండన్ పెద్దాఫీసులో గుమాస్తాలు ముందుగా ఉత్తరాలన్నిటినీ స్టాంపు ఒకే వైపుకు వచ్చేలా పేర్చుకునేవారట. ముద్ర కొట్టేవారట. తర్వాత వరసగా గూళ్ళ ముందు నిలబడి ఏ దారిన పోయేవి ఆ గూట్లో వేసేవారట. ఎవరికీ అంతుపట్టని చిరునామాలు ఉన్నవాటిని ఒక ప్రత్యేకమైన బల్ల దగ్గరికి పంపేవారట. వాటికి గుడ్డి ఉత్తరాలని పేరు. ఆ బల్ల దగ్గర కూర్చునేవాడికి దేశంలోని ఊళ్ళూ వీధులూ పెద్దింటివాళ్ళ పేర్లూ నోటికి వచ్చి ఉండాలి. అలాంటి మనుషులు ఇప్పుడు పుట్టడం లేదమ్మా అని సారు నిట్టూర్చేవారు.

ఈ ఊరికి బదిలీ అయి వచ్చిన మొదటి వారంలోనే నాకు అలాంటి మనిషి కనబడింది. రుక్కక్క చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుని చదువుతుంది. ఒకనాడు ఒక కవరు వచ్చింది. దాని మీద ‘సుజాత, సెల్ టవర్ దగ్గర’ అనీ మా పిన్‌కోడూ తప్ప ఇంకేమీ లేవు. వాపసు పంపుదామని నేను పెన్ను తీశాను. రుక్కక్క ఆ కవరు అందుకుని స్టాంపు మీది ముద్ర చూసింది.

“ముద్ర పుణెది మేడం. మన దిక్కుకెళ్లి పుణెకు పనికి పోయినోల్లు ఇద్దరే. ఒగని పెండ్లాం మొన్న దసరా అయినంక ఆయన ఎంబడే పోయింది. ఇగ మిగిలింది రెండోవాని పెండ్లాం. ఆమె పేరు సుజాతనే. మీరేం పరేషాన్ గాకున్రి.”

సాయంత్రానికి కవరు సుజాతకు చేరింది. నేను పెన్ను మూసి సొరుగులో పెట్టుకున్నాను.

ఆమె పని చేసే తీరు చూడాలి. కూర్చుని వేయదు. కూర్చుంటే పై వరస గూళ్ళకు చేయి అందదు. ఎడమ చేతిలో కట్ట పట్టుకుని, బొటనవేలితో ఒక్కో ఉత్తరాన్ని ముందుకు జరుపుతూ, కుడిచేత్తో గూట్లోకి జారవిడుస్తుంది. గూళ్ళు పద్దెనిమిది. కొన్ని ఊళ్ళవి, కొన్ని లంబాడా తండాలవి. తండాలు గ్రామపంచాయతీలై బోర్డుల మీద కొత్త పేర్లు వచ్చాయి గానీ, రుక్కక్క గూళ్ళ మీద మాత్రం ఆ తండాను కట్టిన నాయక్ పేరే ఉంటుంది. లక్క సీలు పోయి ప్లాస్టిక్ సీలు వచ్చింది. మిగిలిందంతా రాణిగారి నాటి పనే.

అడుగు వరసలో చివరి గూటికి మాత్రం చీటీ లేదు. వచ్చిన కొత్తలో అడిగాను, అది ఏ ఊరిదని.

“ఊరిది గాదు మేడం. అత్తగారిండ్లది” అంది.

విషయమేమిటంటే, ఆడపిల్లకు పెళ్ళి చేసి పంపుతారు. పిల్ల పోతుంది, ఆధార్ కార్డు మీద చిరునామా మాత్రం తల్లిగారి ఊరిదే ఉండిపోతుంది. దాన్ని మార్పించే తీరిక ఎవరికీ ఉండదు. దాంతో ఆమె ఏటీఎం కార్డూ, బీమా కాగితమూ, పరీక్ష మార్కుల మెమో, అన్నీ పుట్టింటికే వస్తాయి. మనిషి అక్కడ లేదు గనుక రూలు ప్రకారం వాపసు పంపాలి. రుక్కక్క వాపసు పంపదు. ఆ పిల్లను ఏ ఊరికి ఇచ్చారో ఆ ఊరి పేరు ఎర్ర సిరాతో కవరు మీద రాసి ఆ చివరి గూట్లో వేస్తుంది. మధ్యాహ్నం సంచిలో అది అత్తగారింటికి బయలుదేరుతుంది. చుట్టుపక్కల రెండు వందల పైచిలుకు ఆడపిల్లలు ఏ ఇంటి బిడ్డలో, ఇప్పుడు ఏ ఇంటి కోడళ్ళో ఆమెకు కంఠతా వచ్చు. అందులో లంబాడా పిల్లలున్నారు, రెడ్ల పిల్లలున్నారు, మాదిగ పిల్లలున్నారు.

నేను ఊరుకుంటానా? చిరునామా మార్చాలంటే మనిషి రాతపూర్వకంగా అడగాలి, మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు అని రూలు పుస్తకం తెరిచి వేలుపెట్టి చూపించాను.

“బిడ్డనిచ్చిన ఊరు తల్లి మర్సిపోతదా మేడం? నేను గూడ మర్సిపోలే” అంది. అని మళ్ళీ గూళ్ళ వైపు తిరిగింది.

ఆమె పంతానికి కారణం నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. రుక్కక్క పుట్టింది భూపాలపల్లి జిల్లాలో, ఘనపూర్ అవతలి తండాలో. పదిహేడో ఏట ఇటు కోడలిగా వచ్చింది. మొదటి ఏడు తీజ్ పండుగకు రమ్మని అన్న కార్డు రాశాడు. తీజ్ అంటే పెళ్ళికాని పిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు ఆడిపాడే పండుగ, పెళ్ళయిన ఆడబిడ్డలూ ఆ రోజులకు పుట్టింటికి చేరతారు. ఫలానా రోజు జనగామ బస్టాండులో ఉంటాను, నువ్వు అక్కడికి వచ్చెయ్ అని అన్న రాశాడు. ఆ కార్డు ఎవరో వేరే ఊరి గూట్లో వేశారు. అది చేతికి వచ్చేసరికి పండుగ ముగిసి, మొలకలను చెరువులో కలిపి నాలుగు రోజులైంది. అన్న పొద్దంతా బస్టాండులో కూర్చుని, చెల్లెను అత్తగారు పంపలేదనుకుని, కోపంతో వెళ్ళిపోయాడు. రెండేళ్ళు మాట్లాడలేదట.

“ఒగ కార్డు మేడం. ఒగ గూడు అటుది ఇటు పడ్డది. గంతే” అంది చెబుతూ. నవ్వుతూనే చెప్పింది గానీ, నాకు ఆ నవ్వు చూడబుద్ధి కాలేదు. ఆ తర్వాత రూలు పుస్తకం నా సొరుగులోనే ఉండిపోయింది.

ఇదీ రుక్కక్క. ఇప్పుడు తప్పు సంగతి చెబుతాను.

పోయిన కార్తీకంలో, వరికోతలు జోరుమీదున్న రోజుల్లో, ఒక శనివారం పొద్దున జమున కౌంటరు దగ్గరికి వచ్చింది. పక్క తండాలోని పూల్‌సింగ్ బిడ్డ. ఇరవై ఆరేళ్ళుంటాయి. నర్సు ట్రైనింగు చేసింది. నాలుగేళ్ళ క్రితం దంతాలపల్లి వైపు ఒక తండాకు ఇచ్చారు. తల్లికి బాగాలేదని రెండు నెలలుగా ఇక్కడే ఉంటోంది.

“మేడం, నా పేరు మీద ఒక ఖాకీ కవరు వచ్చిందా? గుండ్రటి ముద్ర ఉంటది.”

నేను జవాబు చెప్పే లోపల వెనక నుంచి రుక్కక్క అందుకుంది. “వచ్చింది గదా బిడ్డా. బుధవారమే వచ్చింది. అదే రోజు పంపిన.”

“ఏడికి పంపినవ్ అవ్వా?”

“మీ అత్తగారింటికి.”

జమున కౌంటరు చెక్క పట్టుకుంది. నేను లోపలికి పిలిచి కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. గ్లాసు పక్కన పెట్టి చెప్పింది.

“అది నౌకరి ఆర్డర్ మేడం. ఘనపూర్ దిక్కు ఆడపిల్లల హాస్టల్ల నర్సు పని. సోమారం లోపల ఆ కాయిదం పట్టుకపోయి చేరాలె. ఫోన్ చేసి అడిగిన. అసలు కాయిదం లేకుంటే తర్వాతి పేరు పిలుస్తమన్నరు.”

“మరి మీ ఆయనకు ఫోన్ చేసి తెమ్మను” అన్నాను.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. “ఆయన చేతుల పడితే చింపుతడు. ఆయన కొట్టడు మేడం. నాలుగేండ్లల్ల ఒక్క దెబ్బ కొట్టలే. కాయిదాలు చింపుతడు. ఒగసారి పరీక్ష హాల్‌టికెట్ చింపిండు. నిరుడు గిట్లనే ఆర్డర్ వస్తే చింపి పొయ్యిల పెట్టిండు. నౌకరికి పోతే నువ్వు మల్ల రావు అంటడు. అందుకనే మా అవ్వకు పానం బాగలేదని చెప్పి ఇటొచ్చిన. తల్లిగారి అడ్రస్ మీద మల్ల దరఖాస్తు పెట్టిన. ఎవ్వలకు చెప్పలే. మా బాపుకు గూడ తెల్వదు.”

ఎవరికీ చెప్పలేదు గనుక రుక్కక్కకూ తెలియలేదు. ఆ పిల్ల రెండు నెలలుగా ఇక్కడే ఉందన్న మాటా ఆమె చెవిన పడలేదు, తెలిసింది జమున దంతాలపల్లి వైపు కోడలని మాత్రమే. సాదా ఉత్తరం కావడంతో ఎక్కడుందో కంప్యూటర్లో చూసే వీలూ లేదు.

రుక్కక్క ఫోను తీసింది. జమున అత్తగారి తండాకు ఉత్తరాలు ఇచ్చే డాక్ సేవక్ సేవ్యా నంబరు ఆమె దగ్గర ఉంది. స్పీకరు పెట్టి జమున కవరు సంగతి అడిగింది.

“ఇప్పుడే ఇచ్చొచ్చిన అక్కా. ముసలామె చేతుల పెట్టిన” అన్నాడు సేవ్యా. “ఏం, ఏమన్న కష్టమొచ్చిందా?”

“జమున మొగడు శివాజీ ఇంటికాడ ఉన్నడా?”

“లేడు. కోత మిషన్ మీద పోయిండు. మాపటికి వస్తడు.”

ఫోను పెట్టేసి రుక్కక్క బీరువా దగ్గరికి వెళ్ళింది. ఆ చివరి గూట్లో చేయి పెట్టింది. అందులో ఏమీ లేదు. “నా చేతితోనే రాసిన మేడం” అంది. “మంచిగ కనబడాలని పెద్ద అక్షరాలతోని రాసిన.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “చెప్పిన్నా లేదా? రూలు ఎందుకు పెట్టిన్రో ఇప్పుడు తెలిసిందా? మనిషి అడగకుండ అడ్రస్ మార్చేదానికి నువ్వెవరు, నేనెవరు?” అని నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె తల వంచుకుని విన్నది. ఎదురు చెప్పి ఉంటే నా కోపం అక్కడితో పోయేది. చెప్పలేదు. పెద్దావిడ మీద అట్లా అరిచినందుకు నాకే సిగ్గేసింది. రూలు విషయంలో కళ్ళు మూసుకున్నది మేమిద్దరమూను, అరుపులు ఆమెకొక్కదానికే.

“నేను పోత” అంది రుక్కక్క.

“పోయి? ఇచ్చేసిన ఉత్తరం వాపసు అడిగే హక్కు మనకు లేదు.”

“హక్కు లేదు మేడం. కాళ్ళున్నయి గదా.”

జమున తానూ వస్తానంది. వెంటనే తానే వద్దనుకుంది. వస్తే పెద్దమనుషులను కూర్చోబెడతారు, సోమవారం అక్కడే గడిచిపోతుంది. నేను సగం రోజు సెలవు రాసి, తాళాలు క్లర్కు భాస్కర్‌కు ఇచ్చి, చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. మీరెందుకు మేడం అంది రుక్కక్క. నువ్వు ఏం మాట్లాడతావో నాకు నమ్మకం లేదు అన్నాను.

జనగామలో ఒక బస్సు, పాలకుర్తిలో ఒక బస్సు, తొర్రూరులో ఒక బస్సు. ఆడవాళ్ళం గనుక కండక్టర్లు జీరో టికెట్లు చేతిలో పెట్టారు. దారి పొడుగునా రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. డ్రైవర్లు తిట్టుకుంటూ రెండో పక్కనే నడిపారు. కోత మిషన్ కనబడినప్పుడల్లా రుక్కక్క కిటికీలోంచి మెడ చాచి డ్రైవరు ముఖం చూసింది. చూసి ఏం చేస్తుందో ఆమెకూ తెలియదు.

నేను దారిలో ఆమెకు అబద్ధం నేర్పాను. “గది వేరే మనిషి ఉత్తరం, పొరపాటున వచ్చింది, పై ఆఫీసు వాపసు తెమ్మన్నది. గింతే చెప్పు. ఒక్క మాట ఎక్కువ చెప్పకు.” మూడుసార్లు అప్పజెప్పించుకున్నాను. మూడుసార్లూ తడబడకుండా చెప్పింది.

మేం చేరేసరికి నాలుగైంది. జమున అత్త ద్వాలి ఇంటిముందు సిమెంటు దారి మీద వడ్లను కాళ్ళతో తిరగేస్తూ ఉంది. రుక్కక్క ఈడుదే. చేతులకు మోచేతుల దాకా తెల్ల గాజులు. కొడుకు పెళ్ళిలో చూసిన రుక్కక్కను గుర్తుపట్టి లంబాడీలో పలకరించింది. ఇద్దరూ కాసేపు వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. అంతలో నన్ను చూసి, “మేడం ముందట మన మాట మాట్లాడుడు మంచిగుండదు” అని తెలుగులోకి వచ్చింది. చెంబుతో నీళ్ళిచ్చింది. మంచం వాల్చింది.

“ఏం పని మీద వచ్చిన్రో చెప్పున్రి. ఊకెనే ఇంత దూరం రారు గదా.”

రుక్కక్క నా వైపు చూసింది. నేను చెప్పు అన్నట్టు తలూపాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

“తప్పు చేసిన చెల్లె. జమున కాయిదం తల్లిగారింటికి వచ్చింది. నేను అడగకుండ ఇటు మలిపిన. అది నాకు వాపసు గావాలె.”

నేర్పించిన పాఠమంతా గోదావరి పాలైంది. నేను నెత్తి కొట్టుకోవడం ఒకటే తక్కువ. ద్వాలి మాత్రం వడ్లలో ఇంకో రెండు చాళ్ళు నడిచింది.

“ఏం కాయిదమది?”

“నౌకరిది.”

“ఏడ?”

“ఘనపూర్ దిక్కు.”

“దూరమే” అంది ద్వాలి. కాళ్ళు దులుపుకుని వచ్చి గడప మీద కూర్చుంది. “అది ఇస్తే ఆ పిల్ల మల్ల వస్తదా అక్కా?”

వస్తుంది అని చెప్పు తల్లీ అని నేను లోపల్లోపల మొక్కుకున్నాను. ఒక్క మాటతో పనైపోతుంది.

“తెల్వదు చెల్లె” అంది రుక్కక్క. “నేను అబద్ధమాడ. వస్తదో రాదో నాకు తెల్వదు.”

ద్వాలి లేచి లోపలికి వెళ్ళింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు వినబడింది. గుమ్మంలోంచి నాకు కనబడుతూనే ఉంది. మోచేయి దాకా బియ్యంలో చేయి పెట్టి వెతికి, ఖాకీ కవరు బయటికి తీసింది. పైట కొంగుతో తుడిచి తెచ్చి రుక్కక్క చేతిలో పెట్టింది.

“సేవ్యా తెచ్చియ్యంగనే తెలిసింది నాకు. నిరుడు గూడ గిదే రంగుది, గిదే గుండ్రటి ముద్ర. నాకు చదువు రాదు గానీ కండ్లున్నయి. నిరుడు నా కొడుకు దాన్ని పొయ్యిల పెట్టినప్పుడు పొయ్యి కాడ రొట్టెలు చేస్తున్నది నేనే. తీసి దులిపితే సగమన్న మిగులుతుండె. నోరు తెర్వలే. ఆ పిల్ల నా దిక్కు చూసింది. నేను రొట్టె దిక్కు చూసిన.” చేతికి అంటిన పిండి దులుపుకుంది. “వాడు బియ్యంల చేయి పెట్టడు. ఎట్ల పంపాలె, ఎవలతోని పంపాలె అని పొద్దటిసంది అదే పరేషాన్‌ల ఉన్న. మీరే వచ్చిన్రు.”

దారి పొడుగునా ఈ ముసలమ్మను రాక్షసిని చేసుకుని వచ్చాను నేను. రుక్కక్క ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“ఇగ మీదికెళ్లి ఆమె కాయిదాలు ఇటు పంపకు అక్కా” అంది ద్వాలి. “నా కోడలే. లేదంటలే. కానీ పంపకు. ఒగసారి దాసిన. రెండోసారి దొరికిపోత.”

మేం తండా దాటేలోపే శివాజీ ఎదురొచ్చాడు. బండి మీద, ఒళ్ళంతా ధూళి. రుక్కక్కను చూసి బండి ఆపి దిగాడు. దంతాలపల్లి దాకా ఆటో దొరకదేమో, నేను దింపి వస్తానన్నాడు. వద్దన్నాం. కవరు నా చేతిసంచిలో ఉంది. సంచిని నేను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

“అవ్వా, అత్తమ్మకు తక్కువైందా? జమున మంచిగున్నదా?” అని అడిగాడు. “ఫోన్ ఎత్తుతలేదు. ఒక్కసారి మాట్లాడమని జర చెప్పవా?”

“చెప్త బిడ్డా” అంది రుక్కక్క.

అతను అక్కడే నిలబడి మేం మలుపు తిరిగే దాకా చూశాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను. నాకు కోపానికి ఎప్పుడూ కరువు లేదు. ఆ సాయంత్రం మాత్రం రాలేదు.

ఆదివారం పొద్దున జమున రుక్కక్క ఇంటికి వచ్చింది. నేను స్కూటీ మీద ముందే వెళ్ళి కూర్చున్నాను. కవరు చేతికిస్తే ఆ పిల్ల దాన్ని చించలేదు. అంచు మీద అంటిన బియ్యప్పిండిని వేలితో తుడుస్తూ ఉండిపోయింది.

“అత్తమ్మ ఏమన్నది?”

రుక్కక్క ఏదీ దాచకుండా చెప్పింది. బియ్యం డబ్బా సంగతి, నిరుటి పొయ్యి సంగతి, ఇటు పంపకు అన్న మాట, చివరికి శివాజీ అడిగిన మాట కూడా. ఆర్డరు పోయిందని విన్నప్పుడు ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. రుక్కక్క ఓదార్చలేదు. “నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా” అంది. అరవై మూడేళ్ళ మనిషి, ముప్పై మూడేళ్ళ సర్వీసు, ఇరవై ఆరేళ్ళ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని ఆ మాట అంది.

జమున సోమవారం వెళ్ళి ఉద్యోగంలో చేరింది. శివాజీ రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చాడని విన్నాను. తర్వాత సంగతి నాకు తెలియదు. అడగను కూడా.

అదే సోమవారం మా ఆఫీసులో సంచి విప్పాక, పెళ్ళయిన ఆడపిల్లల ఉత్తరాలు మూడు తేలాయి. రుక్కక్క ఎర్ర పెన్ను తీయలేదు. మూడు ఉత్తరాలూ బల్ల మీద పెట్టుకుని, తల్లిగారి ఇళ్ళకు ఫోన్లు చేసి ఆ పిల్లల నంబర్లు అడిగి తీసుకుంది. తర్వాత ఒక్కొక్కరికే చేసింది.

“బిడ్డా, నేను పోస్టాఫీసు రుక్కిని. నీ పేరు మీద ఉత్తరమొచ్చింది. ఏడికి పంపాలె?”

మొదటి పిల్ల అత్తగారింటికే పంపమంది, అదేం ప్రశ్న అన్నట్టు నవ్వింది. రెండో పిల్ల హైదరాబాదు చిరునామా చెప్పింది. మూడో పిల్ల దీక్షితది మా ఊరే, పెద్దింటి బిడ్డ, ఐదారేళ్ళ క్రితం ఊరంతా భోజనాలు పెట్టి పెళ్ళి చేశారు. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. లైను తెగిందేమోనని రుక్కక్క ఫోను తీసి ఒకసారి చూసి మళ్ళీ చెవికి పెట్టుకుంది. తొందర పెట్టలేదు.

“ఇటొద్దు” అంది చివరికి దీక్షిత. “అమ్మోల్లింటికి గూడ వద్దు. నీ కాడనే ఉంచు అవ్వా. నేనే వచ్చి తీస్కుంట.”

“మంచిది బిడ్డా. ఎప్పుడన్న రా” అంది రుక్కక్క. ఆ ఉత్తరాన్ని చీటీ లేని గూట్లో పెట్టింది.

ఆఫీసులో ఉత్తరాన్ని ఏడు రోజులకు మించి ఉంచకూడదని రూలు. ఎనిమిదో రోజు నేను ఆ గూటి వైపు చూడలేదు. తొమ్మిదో రోజూ చూడలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం, కౌంటరు మూసే వేళకు, దీక్షిత చేతిలో ఒక బ్యాగుతో బస్సు దిగి వచ్చింది.